బ్రహ్మంగారి మాటను ఎలా చదవాలి? మా చందూర్ ఇంట్లో నేర్చుకున్న పాఠం



ఈ వారం వీడియోలో కాలజ్ఞానం గురించి మాట్లాడాను కదా. కెమెరా ముందు నోరు రాక దాటేసిన సంగతి ఒకటుంది. అది మా ఇంటి సంగతి. ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగే, తీరిగ్గా చదవండి.

చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "వీరభోగ వసంతరాయలు ఎప్పుడొస్తారు?" నేను ఈ రోజు దాన్ని కొంచెం మార్చి అడుగుతాను. ఆయన వస్తారని నమ్మేవాళ్ళందరూ ఒకే మాటను నమ్ముతున్నారు కదా, మరి ఎందుకు విడిపోతున్నారు? అదే మాట కొన్నిచోట్ల మనుషుల్ని ఎలా కలిపింది?

తాత, బండి, ఆ మాట

మాది నిజామాబాద్ జిల్లా చందూర్. బోధన్, వర్ని వైపు. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ కాలువ నీళ్ళొచ్చాక మా వైపు చెరుకు పెరిగింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ మొదలైంది. ఆసియాలోనే పెద్దదని గొప్పగా చెప్పుకునేవాళ్ళు. చెరుకు కోసే రోజుల్లో బండ్లు బారులు తీరి అటే పోయేవట.

ఆ బండ్లు చేసేవాళ్ళలో మా తాత ఒకడు. మాది వడ్ల పని. తుమ్మ కర్రతో చక్రం చేయడం, ఇరుసు బిగించడం, కాడి చెక్కడం తాతకు కంటిచూపుతో వచ్చిన విద్య. బ్రహ్మంగారు మా కులదైవం లాంటివారు. పని మొదలుపెట్టే ముందు బాడిశకు మొక్కి, ఆయన పేరు తలుచుకునేవాడు.

కాలజ్ఞానంలో ఎద్దులు లేకుండా నడిచే బండ్లు వస్తాయని ఉందని మీరందరూ వినే ఉంటారు. బస్సు, కారు, ట్రాక్టర్ చూపించి "చూశారా, ముందే చెప్పారు" అని మనం మురిసిపోతాం. నేనూ చిన్నప్పుడు తాత దగ్గరికి ఉరికిపోయి అదే చెప్పాను. తాత నవ్వలేదు. చేతిలో ఉలి పక్కన పెట్టి అన్నాడు:

"నిజమే బిడ్డా. ఎద్దుల్లేని బండ్లు వచ్చినయ్. గని ఎద్దుల బండి చేసేటోడు ఏం తిని బతకాలెనో ఆయన ఎక్కడన్న చెప్పిండేమో సూడు."

అప్పటికి ట్రాక్టర్లు వచ్చేశాయి. తాత బండ్లు మానేసి తలుపులు, మంచాలు చేస్తున్నాడు. అందరికీ అద్భుతంగా కనిపించిన ఆ మాట ఆయనకు మాత్రం చేతిలో పని పోయిన రోజు. ఒకే వాక్యం. చదివేవాడు ఎక్కడ నిలబడి చదువుతున్నాడన్నదాన్ని బట్టి దాని బరువు మారిపోతుంది. నాకు తెలియకుండానే నేను నేర్చుకున్న మొదటి పాఠం అది.

తాతకు ఒక స్నేహితుడు ఉండేవాడు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కుని స్థిరపడ్డ రైతుల ఊళ్ళను మా వైపు క్యాంపులంటారు. ఆయన క్యాంపు మనిషి. మేము "క్యాంపు తాత" అనేవాళ్ళం. సాయంత్రం పూట మా కొట్టం ముందు కూర్చుని ఇద్దరూ కాలజ్ఞానం పుస్తకం మీద వాదించుకునేవాళ్ళు. ఆయన పుస్తకంలో ఒక వరుస ఉండేది, మా తాత పుస్తకంలో ఇంకో వరుస. "ఆచారి గారూ, మీ పుస్తకంలో తప్పు పడింది" అనేవాడు ఆయన. "పటేలా, నీదాంట్లనే పడ్డదేమో" అనేవాడు తాత. బయట ప్రాంతం పేరు మీద ఎన్ని గొడవలు నడిచిన రోజుల్లోనైనా ఈ ఇద్దరి వాదన ఆగలేదు, స్నేహమూ ఆగలేదు. మాట మీద తేడా వచ్చినా మనిషిని వదులుకోకపోవడం ఎలాగో నేను కళ్ళారా చూసింది అక్కడే.

కాలజ్ఞానం అంటే ఒక్క పుస్తకం కాదు

ఇప్పుడు కొంచెం పాఠంలోకి వద్దాం.

పోతులూరి వీరబ్రహ్మేంద్ర స్వామి 17వ శతాబ్దం వారని సంప్రదాయం. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మగారి ఆవులు కాస్తూ, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశారని చెబుతారు. తర్వాత కడప జిల్లా కందిమల్లాయపల్లెలో స్థిరపడ్డారు. ఇప్పుడు ఆ ఊరినే బ్రహ్మంగారి మఠం అంటున్నాం. 1693లో వైశాఖ శుద్ధ దశమి నాడు అక్కడే జీవసమాధి అయ్యారని మఠం నమ్మకం. ఏటా ఆ రోజున ఆరాధన జరుగుతుంది.

ఆయన ముఖ్య శిష్యుడు సిద్ధయ్య దూదేకుల ముస్లిం. ఇంకో శిష్యుడు కక్కయ్య, ఊరు అంటరానివాడని దూరం పెట్టిన కులంలో పుట్టినవాడు. మనవరాలు ఈశ్వరమ్మ కూడా యోగినిగా పూజలందుకుంది. అంటే ఆ మాటల చుట్టూ మొదట చేరినవాళ్ళే ఒక్క కులం, ఒక్క మతం వాళ్ళు కాదు. 1984లో ఎన్టీఆర్ తీసిన సినిమా వల్ల ఈ పేర్లు మన ఇళ్ళల్లోకి మళ్ళీ వచ్చాయి. అందులో స్వామి వేషం ఆయనదే, సిద్ధయ్యగా బాలకృష్ణ.

ఇక కాలజ్ఞానం. ఇది ముద్రణకు ముందే నోటి మాటగా, తత్వాలుగా, తాళపత్రాలుగా తిరిగింది. చాలా రాతలను బనగానపల్లెలో పాతిపెట్టి పైన చింతచెట్టు నాటారని సంప్రదాయం చెబుతుంది. అందుకే మనకు దొరికే ప్రతులు ఒకదానితో ఒకటి పూర్తిగా కలవవు. మా తాతల గొడవకు కారణం అదే. ఇంకో విషయం, "కాలజ్ఞానం" అనే రకం రచన ఒక్క బ్రహ్మంగారిదే కాదు. విద్యారణ్యుల పేరు మీద కూడా కాలజ్ఞానాలున్నాయి. ఎవరైనా "కాలజ్ఞానంలో ఉంది" అన్నప్పుడు "ఏ ప్రతిలో?" అని అడగడం అపనమ్మకం కాదండి. అది శ్రద్ధ.

మూడు రకాల చదువరులు

వీరభోగ వసంతరాయలుగా తాను మళ్ళీ వస్తానని స్వామి చెప్పారన్నది భక్తులందరూ ఒప్పుకునే మాట. అక్కడి నుంచి దారులు చీలతాయి. నాకు కనిపించినంతలో మూడు.

మొదటి దారి టిక్కు పెట్టే దారి. చెప్పిన గుర్తులన్నీ జాబితాగా రాసుకుని, జరిగినవి కొట్టేసుకుంటూ పోవడం. ఎద్దుల్లేని బండి, టిక్కు. నీళ్ళతో వెలిగే దీపం, జలవిద్యుత్తు, టిక్కు. యాగంటి బసవన్న రంకె, కృష్ణమ్మ బెజవాడ దుర్గమ్మ ముక్కుపుడకను అందుకోవడం, ఇవి ఇంకా మిగిలాయి. ఈ దారిలో వెళ్ళేవాళ్ళు వసంతరాయలును నిజమైన రాజుగా, గుర్రం మీద కత్తితో వచ్చేవాడిగా చూస్తారు.

రెండో దారి లెక్కలు కట్టే దారి. ఏ సంవత్సరం, ఏ మాసం? ఇక్కడే చిక్కు. కాలజ్ఞానంలో చాలాచోట్ల ప్రభవ, విభవ లాంటి సంవత్సరాల పేర్లతో కాలం చెబుతారు. ఆ పేర్లు 60 ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి. 2020 శార్వరి. 1960 కూడా శార్వరే. 2080లో మళ్ళీ అదే. ఈసారి తప్పితే ఇంకోసారి అనుకోవడానికి ఎప్పుడూ వీలుంటుంది. కలియుగంలో ఐదువేల ఏళ్ళు గడిచాక అనే మాట కూడా వినిపిస్తుంది. పంచాంగం లెక్కలో కలి మొదలైంది క్రీ.పూ. 3102లో. ఐదువేలు 1899 నాటికే నిండాయి. మరోపక్క భాగవతం పన్నెండో స్కంధం ప్రకారం కల్కి వచ్చేది కలి చివర్లో, శంబల గ్రామంలో విష్ణుయశుడి ఇంట. కలి మొత్తం 4,32,000 ఏళ్ళు. ఇప్పటికి గడిచింది 5,120 పైచిలుకు. అంటే ఇంకా 4,26,000 ఏళ్ళకు పైనే ఉంది! వసంతరాయలూ కల్కీ ఒకరే అంటే లెక్క కుదరదు, వేరు అంటే ఇంకో వాదన మొదలు.

మూడో దారి తత్వం దారి. మా తెలంగాణలో ఏకతారతో తత్వాలు పాడే బైరాగులది, అచల గురువుల శిష్యులది చాలావరకు ఇదే. వాళ్ళకు ఊరు అంటే ఒళ్ళు, తొమ్మిది వాకిళ్ళ ఇల్లు. రాజు అంటే లోపలున్న ఎరుక. కత్తి అంటే వివేకం. గీత నాలుగో అధ్యాయం చివర కృష్ణుడు అర్జునుడికి జ్ఞానమనే కత్తితో సందేహాన్ని నరకమనే చెప్పాడు కదా, అలాగన్నమాట. వసంతం అంటే మోడైన చెట్టు లోపల నుంచే చిగురించడం.

మూడింట్లో ఏది నిజం అని వెంటనే అడగకండి. ముందు మా ఇంట్లో ఏమైందో వినండి.

2020, శార్వరి

మా నాన్న పై చదువులు చదివి నిజామాబాద్‌లో టీచర్ అయ్యాడు. పెద్దబాపు చందూర్‌లోనే ఉండిపోయాడు, తాత పనిముట్లతో సహా. నాన్నది మూడో దారి, పెద్దబాపుది మొదటిది. అయినా ఏ పండుగకు కలిసినా నవ్వుతూనే వాదించుకునేవాళ్ళు.

కరోనా వచ్చినప్పుడు మీ ఫోన్‌కు కూడా ఒక పద్యం వచ్చే ఉంటుంది. ఒక వింత జబ్బు పేరు, అది కరోనాకు దగ్గరగా వినిపించడం. మా ఇంటి వాట్సాప్ గ్రూపులో దాన్ని పెట్టింది పెద్దబాపు. తర్వాత రోజూ ఏదో ఒకటి పెట్టేవాడు. అప్పుడే ఒకాయన పరిచయమయ్యాడు. ఆయన పేరు, ఊరు ఇక్కడ రాయను. వసంతరాయలు ఇప్పటికే పుట్టాడని, తాను ఆయన సైన్యానికి మనుషుల్ని పోగుచేస్తున్నానని, ముందుగా చేరినవాళ్ళ కుటుంబాలకు ఏ ఆపదా రాదని చెప్పేవాడట. పెద్దబాపు ఇరవై గుంటల పొలం అమ్మి ఆ డబ్బు అక్కడ ఇచ్చాడు.

విషయం తెలిసి నాన్న ఫోన్లో అరిచాడు. నేను అంతకంటే తప్పు పని చేశాను. గుర్రం మీద కూర్చున్న ఒక కార్టూన్ బొమ్మకు పెద్దబాపు ఫొటో తగిలించి, "సైన్యాధ్యక్షుడు" అని రాసి గ్రూపులో పెట్టాను. చుట్టాలంతా నవ్వే బొమ్మలు పెట్టారు. ఆ రాత్రే పెద్దబాపు గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. రెండేళ్ళ తర్వాత మా అక్క పెళ్ళికి కూడా రాలేదు.

ఆయన చెప్పిన తేదీ వచ్చింది, పోయింది. ఎవ్వరూ రాలేదు. డబ్బూ రాలేదు.

నాది గెలుపు అనుకున్నాను కొన్నాళ్ళు.

ఇది మనింట్లోనే కాదు

తర్వాత చదువుతుంటే తెలిసింది, ఇలాంటివి ప్రపంచమంతా జరిగాయి.

మన దగ్గరే, 1900లో, విశాఖ మన్యంలో పాచిపెంట వైపు కొండదొరల్లో కొర్రా మల్లయ్య అనే ఆయన లేచాడు. తాను పాండవుల్లో ఒకడి అవతారమని, తన పసికొడుకు సాక్షాత్తు కృష్ణుడని చెప్పాడు. ఇంగ్లీషువాళ్ళను వెళ్ళగొట్టి తామే రాజ్యమేలుతామన్నాడు. వేలమంది చేరారు. వెదురుబొంగులు మంత్రంతో తుపాకులవుతాయని, పోలీసుల ఆయుధాలు నీళ్ళవుతాయని నమ్మారు. వెదురును తుపాకీ ఆకారంలో చెక్కుకుని కవాతు చేశారు. మే 1న ఇద్దరు కానిస్టేబుళ్ళు వాళ్ళ చేతుల్లో చనిపోయారు. మే 7 తెల్లవారుజామున పోలీసులు శిబిరం మీద పడి కాల్పులు జరిపారు. 11 మంది చనిపోయారు. మల్లయ్య జైల్లో పోయాడు. ఇదంతా దొరల రికార్డులు చెప్పిన కథ, వాళ్ళకు అది "అల్లరి" మాత్రమే. కానీ ఆలోచించండి. పరాయి పాలనలో నలిగినవాళ్ళకు పాండవులు మళ్ళీ వస్తారన్నది పిచ్చి కాదు, ఆశ. ఆశ తప్పు కాదు. వెదురును వెదురుగా చూడకపోవడమే ప్రాణం తీసింది.

అమెరికాలో విలియం మిల్లర్ అనే రైతు బైబిల్లోని దానియేలు గ్రంథం చదివి, అందులోని 2,300 దినాలను సంవత్సరాలుగా లెక్కకట్టాడు. ఏసు తిరిగి వచ్చే రోజు 1844 అక్టోబర్ 22 అని ఆయన అనుచరులు తేల్చారు. కొందరు పంట కోయకుండా పొలాల్లోనే వదిలేశారు. ఆ రోజు గడిచిపోయింది. తర్వాత ఆ భక్తులు ముక్కలయ్యారు. కొందరు అన్నీ వదిలేశారు. కొందరు కొత్త తేదీలు కట్టారు. ఇంకొందరు "తేదీ సరైనదే, జరిగింది మాత్రం భూమ్మీద కాదు, పరలోకంలో" అని అర్థం మార్చుకున్నారు. ఆ చివరివాళ్ళలోంచే 1863లో సెవెంత్ డే అడ్వెంటిస్ట్ సంఘం ఏర్పడింది. చూడండి, "దినం" అనే ఒక్క మాటకు ఏ అర్థం చెప్పుకున్నారన్నదాని మీద స్నేహాలు, ఇళ్ళు, గుళ్ళు విడిపోయాయి.

కక్కయ్య కత్తి

ఇక మన కథలోకే వద్దాం. బ్రహ్మంగారి చరిత్రలో ఈ సమస్య గురించే ఒక కథ ఉంది. మనం దాన్ని మహిమ కథగా విని వదిలేస్తాం.

స్వామి సిద్ధయ్యకు శరీరంలోని చక్రాల గురించి చెబుతున్నారు. ఏ చక్రంలో ఏ దేవత ఉంటుందో వివరిస్తున్నారు. కక్కయ్య చాటుగా విన్నాడు. ఆశ్చర్యపోయాడు. ఒంట్లో ఇంతమంది దేవతలుంటే చూడాలి కదా! ఇంటికి పోయాడు. నిద్రపోతున్న భార్యను కత్తితో కోసి వెతికాడు. నెత్తురు, మాంసం తప్ప ఏమీ కనపడలేదు. ఏడుస్తూ, కోపంతో వచ్చి "నువ్వు చెప్పింది అబద్ధం" అని స్వామిని నిలదీశాడు. స్వామి వెళ్ళి ఆమెను బతికించారు. కక్కయ్యకు తత్వం బోధపడింది, శిష్యుడయ్యాడు.

కథను మెల్లగా చూడండి. మూడు విషయాలు కనిపిస్తాయి.

ఒకటి, కక్కయ్య నమ్మనివాడు కాదు. అందరికంటే ఎక్కువ నమ్మినవాడు. దేవుణ్ణి చూడాలన్న కోరికలో తప్పు లేదు. "లోపల" అనే మాటను కత్తికి అందే చోటు అనుకోవడమే తప్పు.

రెండు, స్వామి అతణ్ణి చూసి నవ్వలేదు. వెళ్ళగొట్టలేదు. ముందు ప్రాణం నిలిపారు, తర్వాత అర్థం చెప్పారు. వరుస గమనించండి.

మూడోది నాకు చాలా ఆలస్యంగా తట్టింది. ఈ కథలో ఆ భార్యను ఎవ్వరూ ఏమీ అడగలేదు. తప్పుగా చదివింది కక్కయ్య. నెత్తురు కారింది ఆమెకు.

గంగలో పల్లె

"మరి ఏ మాటను ఉన్నదున్నట్టు తీసుకోవాలి, దేన్ని పోలికగా తీసుకోవాలి?" దీనికి మన శాస్త్రంలో పనిముట్టు ఉంది. అలంకారికులు ఎప్పుడూ చెప్పే ఉదాహరణ: "గంగలో పల్లె ఉంది." నీళ్ళలో పల్లె ఉండదు కాబట్టి గంగ ఒడ్డున అని అర్థం చేసుకుంటాం. దీన్ని లక్షణ అంటారు. మమ్మటుడు కావ్యప్రకాశంలో దీనికి మూడు షరతులు పెట్టాడు. మాట మామూలు అర్థం అక్కడ పొసగకూడదు. కొత్త అర్థానికి పాత అర్థంతో సంబంధం ఉండాలి. అలా చెప్పడానికి వాడుక అయినా ఉండాలి, లేదా ఒక ప్రయోజనమైనా ఉండాలి.

ఈ మూడో షరతు చూడండి. "గంగ ఒడ్డున" అని సూటిగా అనొచ్చు కదా, "గంగలో" అని ఎందుకు అన్నాడు? ఆ చల్లదనం, ఆ పవిత్రత పల్లెకు కూడా అంటాలని. పోలికకు అర్థంతో పాటు ఒక పని కూడా ఉంటుంది. అది వినేవాడికి ఏం చేస్తుంది అన్నదీ అర్థంలో భాగమే.

కాలజ్ఞానానికి పెట్టి చూద్దాం. ఎద్దుల్లేని బండి మామూలు అర్థంలోనే పొసుగుతుంది, పోలిక అక్కర్లేదు. ఒంట్లో దేవతలు మామూలు అర్థంలో పొసగదు, కక్కయ్య కత్తే సాక్ష్యం. ఇక కత్తి పట్టిన రాజు? రాజు రావడం అసాధ్యం కాదు, అలాగని కచ్చితంగా అదే అనడానికీ లేదు. అందుకే భక్తులు సరిగ్గా అక్కడే చీలిపోతారు. రెండువైపులా బుద్ధిమంతులుంటారు. ఇలాంటి చోట మూడో షరతు అడగాలి: ఈ మాట నాలో ఏ పని చేస్తోంది? ధైర్యం ఇస్తోందా, భయపెడుతోందా? ధర్మం వైపు నడిపిస్తోందా, ఎవరి జేబు వైపో నడిపిస్తోందా?

యాగంటి బసవన్న సంగతే తీసుకోండి. రాతి నంది ఒకరోజు రంకె వేస్తాడని భక్తులు ఎదురుచూస్తారు. అక్షరాలా జరుగుతుందని నమ్మేవాళ్ళతో నాకు పేచీ లేదు. కానీ భాగవతం మొదటి స్కంధంలో ఎద్దు ఎవరు? ధర్మదేవత. తపస్సు, శౌచం, దయ పోయి, సత్యం అనే ఒంటికాలి మీద నిలబడి కలి చేతిలో దెబ్బలు తింటుంటే పరీక్షిత్తు అడ్డుపడతాడు. ఆ ఎద్దే ఈ ఎద్దు అనుకుంటే, రంకె అంటే మూగబోయిన ధర్మానికి గొంతు రావడం. ఈ అర్థంలో టిక్కు పెట్టేవాడూ, తత్వం పాడేవాడూ పక్కపక్కన కూర్చోవచ్చు. ఒకాయన రంకె కోసం చెవి ఒగ్గి ఉంటాడు, ఇంకొకాయన ఈలోపు ఒంటికాలి ఎద్దుకు గడ్డి వేస్తాడు. ఇద్దరికీ పని ఉంది.

పెత్రమాస

కిందటేడు పెత్రమాసకు నాన్నను ఒప్పించి చందూర్ తీసుకెళ్ళాను. తాతకు బియ్యం ఇచ్చే రోజు. పిల్లలు బతుకమ్మకు తంగేడు పూలు తెస్తున్నారు. దారిలో బోధన్ మీదుగా వెళ్ళాం. 2015 డిసెంబర్లో మూతపడ్డ ఫ్యాక్టరీ గొట్టాలు దూరం నుంచి కనిపిస్తాయి. నాన్న ఏమీ మాట్లాడలేదు.

పెద్దబాపు వాకిట్లోనే ఉన్నాడు. నేను కాళ్ళకు మొక్కి, "పెద్దబాపూ, ఆ బొమ్మ పెట్టింది నేనే, తప్పయింది" అన్నాను. చాలాసేపు పలకలేదు. తర్వాత అన్నాడు:

"ఆయన పైసలు తీసుకున్నడు. పోనీ, మోసగాడు. నువ్వు మనోడివి గదరా. అప్పుడు ఊర్ల రోజుకొకరు పోతుండ్రి. నాతోటి కూసున్నోడు తెల్లారేసరికి లేడు. మన కోసం ఎవలో ఒకలు వస్తుండ్రంటే జర నిమ్మళమయ్యింది. గంతే."

నిమ్మళం. నేను రెండేళ్ళుగా ఆయన నమ్మినదాంట్లో తర్కం వెతుకుతున్నాను. ఆయన వెతికింది అది కాదు.

నాన్న అందుకుని "అందుకని పొలం అమ్ముతరా అన్నా?" అన్నాడు. మళ్ళీ గొంతులు లేస్తున్నాయి. అప్పుడు వంటింట్లోంచి పెద్దమ్మ వచ్చింది. చేతిలో గరిటె అలాగే ఉంది.

"ఆ ఇరువై గుంటలు మా అవ్వగారోళ్ళు నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చింది. ఆయన అమ్మంగ నన్ను అడగలే. మీరు అన్నదమ్ములు మాట్లాడుకోకపోయేటప్పుడు గూడ ఎవ్వలు అడగలే. రాజు వస్తడా రాడా అని కొట్లాడుకున్నరు గని, నా భూమి ముచ్చట ఎవలన్న ఎత్తిండ్రా?"

ఇల్లంతా నిశ్శబ్దం. కక్కయ్య భార్య లేచి కూర్చుని మాట్లాడితే ఇలాగే ఉంటుందేమో అనిపించింది నాకు.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. భూమి పోయింది, డబ్బు పోయింది. నాన్న, పెద్దబాపు ఇప్పటికీ అవసరమైనంతే మాట్లాడుకుంటారు. కానీ ఆ రోజు ఒకే బంతిలో కూర్చుని తిన్నారు. తిన్నాక పెద్దబాపు అటక మీంచి తాత కాలజ్ఞానం తీశాడు. ఆయన అడగకుండానే నాన్న కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. పుస్తకంలో ఒక కాగితం ముక్క దొరికింది. దాని మీద క్యాంపు తాత తన పుస్తకంలోని వరుస రాసిచ్చాడు. మా తాత దాన్ని పారేయలేదు, తన వరుస పక్కనే దాచుకున్నాడు. ఏది సరైనదో తేలేదాకా రెండూ ఉండనీ అనుకున్నాడేమో.

మీరు చదివేటప్పుడు

ఇదీ ఈ వారం పాఠం. ఏ భవిష్యవాణి మీ ఫోన్‌కు వచ్చినా, ముందు ఈ నాలుగు అడగండి:

1. ఇది ఏ ప్రతిలో ఉంది? చూసి చెబుతున్నారా, విని పంపుతున్నారా?

2. మామూలు అర్థం పొసుగుతుందా? పొసగకపోతే పోలిక దేనికోసం?

3. దీన్ని చెప్పేవాడు తేదీ చెప్పి, వెంటనే డబ్బు గానీ, భూమి గానీ, భయం గానీ అడుగుతున్నాడా? అడిగితే అక్కడే ఆగిపోండి.

4. నా అర్థం తప్పయితే ఆ దెబ్బ ఎవరికి తగులుతుంది? ముందు వాళ్ళను అడిగానా?

ఇంకొకటి, మీరు తత్వం తెలిసినవాళ్ళయితే ప్రత్యేకంగా మీ కోసం. ఇంట్లో పెద్దవాళ్ళు ఏదో పంపితే నవ్వే బొమ్మ పెట్టే ముందు ఒక్కసారి ఫోన్ చేయండి. "ఎందుకు పంపావు, ఏమన్నా భయంగా ఉందా?" అని అడగండి. నేను ఆ ఒక్క ఫోన్ చేసి ఉంటే పొలం మిగిలేదో లేదో తెలియదు. అక్క పెళ్ళిలో పెద్దబాపు మాత్రం ఉండేవాడు.

వసంతరాయలు ఎప్పుడొస్తారో నాకు తెలియదు. వచ్చేలోపు మన వాకిట్లో ఒకరి ముఖం ఒకరు చూసుకునేలా ఉందాం.

వచ్చే వారం ఈశ్వరమ్మగారి కథతో కలుద్దాం. శుభం.